తీసుకునే నెలలు, ఇచ్చే నెలలు

నన్ను బోటెక్కించుకోవడానికి బాబాయి మొదట ఒప్పుకోలేదు.

బాబాయి నాకు చుట్టం కాదు. విశాఖలో జాలరిపేట ఒడ్డున ఫైబర్ బోటున్న మత్స్యకారుడు. నేను మా ఊరు పద్మనాభం నుంచి రోజూ బస్సులో యూనివర్సిటీకి తిరుగుతూ సముద్రశాస్త్రం చదువుకుని, సముద్రపు నీళ్ళను పరీక్షించే ఒక ప్రయోగశాలలో అప్పుడే చేరాను. నెలకోసారి ఒడ్డుకి దూరంగా ఒకే చోటికి వెళ్ళి పైనీళ్ళు పట్టుకురావాలి, అక్కడి గాలినీ కొలవాలి. అందుకోసం బాబాయి బోటు మాట్లాడుకోవడం మా ఆఫీసుకి ఎప్పటినుంచో అలవాటు. అయితే అంతవరకూ వెళ్ళినవాళ్ళంతా మగవాళ్ళు.

"ఆడమనిషి బోటెక్కితే మావోళ్ళు ఊరుకోరు మేడం," అన్నాడు బాబాయి. "నాకైతే ఏటీ లేదు. వలకి సేప పడదంటారు."

"మనం వలెయ్యం కదా," అన్నాను.

ఆయన "అదీ నిజమే," అని బోటు మీద చెయ్యేసి చూపించాడు, ఎక్కమన్నట్టు.

అలా మొదలైంది. బాబాయి, ఆయన తమ్ముడు, నేను. ముగ్గురమే. ఒడ్డున విరిగే కెరటాల్ని దాటించేవరకూ అన్నదమ్ములిద్దరూ నోరు మెదిపేవారు కాదు. దాటాక బాబాయి ఇక ఆగేవాడు కాదు. లంగరేసి ఉన్న ఓడల్ని చూపించి, ఏది బొగ్గు తెచ్చిందో ఏది ఇనుపరాయి కోసం వచ్చిందో చెప్పేవాడు. సగం తప్పులే. తమ్ముడు సరిదిద్దితే, "నీకెవడు సెప్పేడ్రా," అని కసిరేవాడు.

మా చోటికి చేరాక ఇంజను ఆపేసేవాళ్ళం. ఇంజను పొగ తగిలితే గాలి లెక్క పాడైపోతుంది. మనిషి ఊపిరి తగిలినా అంతే. అందుకని గాలి పీల్చే గొట్టాన్ని గాలి వచ్చే వైపు ఎత్తి పట్టుకుని, మేమంతా రెండో వైపు కూర్చోవాలి. ఆ మాట చెప్పిన మొదటి రోజు బాబాయి బీడీ చెవి మీద పెట్టుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించి ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. అంత అక్కర్లేదని నేను చెప్పేలోపే మొహం ఎర్రబడిపోయింది. తమ్ముడు పడీపడీ నవ్వాడు.

"ఇంతకీ ఏటి కొలుత్తన్నావు?" అని అడిగాడు ఊపిరి వదిలాక.

చెప్పాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. పొయ్యిలోంచి, ఫ్యాక్టరీల్లోంచి, మన ముక్కుల్లోంచి వచ్చేదే. సముద్రపు నీళ్ళలోనూ అది కరిగి ఉంటుంది. గాలిలో ఎక్కువగా, నీళ్ళలో తక్కువగా ఉంటే సముద్రం దాన్ని తీసుకుంటుంది. నీళ్ళలో ఎక్కువైతే తిరిగి గాలికి ఇచ్చేస్తుంది. మన తీరంలో వానాకాలం పోయాక నదుల నీళ్ళొచ్చి పైన పరుచుకుంటాయి, కంటికి కనపడని నాచు పెరుగుతుంది. అప్పుడు చాలావరకు తీసుకుంటుంది. ఎండలు మొదలయ్యేటప్పుడు గాలి పైనీళ్ళని ఒడ్డు నుంచి దూరంగా నెట్టేస్తే అడుగునున్న చల్లనీళ్ళు పైకొస్తాయి. వాటిలో ఈ వాయువు ఎక్కువ. అప్పుడు ఇస్తుంది. ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. ఏ నెలలో ఎంత తీసుకుంది, ఎంత ఇచ్చింది అని ఏళ్ళ తరబడి చూస్తూ ఉండటమే నా పని.

"అంతే?" అన్నాడు.

"అంతే."

"సేపలు ఎక్కడున్నాయో సెప్తాదేటి నీ గొట్టం?"

"చెప్పదు."

బీడీ వెలిగించుకోబోయి, నన్ను చూసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

ఒడ్డున పిన్ని ఉండేది. బాబాయి భార్య. వాళ్ళకి పిల్లల్లేరు. బాబాయి తెచ్చిన చేపల్ని తట్టలో పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. మొదట్లో నాతో ముభావంగా ఉండేది. నేను బోటు దిగి మొహం మీద ఉప్పు తుడుచుకుంటుంటే ఓ రోజు పక్కకొచ్చి నిలబడింది.

"నాను కాపరానికొచ్చి ముసిల్దాన్నైపోతన్నాను. ఆ కెరటం అవతల ఏటుందో సూడలేదు. నువ్వు నెలనెలా మా ఆయనతో ఎళ్ళి సూసొత్తన్నావు," అంది.

అందులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "నువ్వూ రా పిన్నీ," అన్నాను.

"నానొత్తే తట్టెవరు మోత్తారు," అని నన్ను ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. చింతకాయ వేసి వండిన చేపల పులుసు. ఆ తర్వాత నెలనెలా అదే వరస. నేను దిగేసరికి అన్నం ఉడికి ఉండేది. నేను తింటుంటే నా పెళ్ళి సంగతి అడిగేది, మా నాన్న పొలంలో ఊడుపులయ్యాయా అని అడిగేది. బాబాయి గడప మీద కూర్చుని నేను చెప్పినవన్నీ ఆవిడకి తప్పుగా వివరించేవాడు. "సముద్రానికి ఊపిరుంటాదంట. ఈ పాప దాని నాడి సూత్తాది." నేను సరిదిద్దేదాన్ని కాదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి.

ఆ ఏడాది వానలు వెనకబడి దసరా దాటాక కూడా పడుతూనే ఉన్నాయి. మేం ఆ నెల నీళ్ళు పట్టి తెచ్చి వారం తిరక్కుండానే, ఓ పొద్దున బాబాయి, తమ్ముడు, ఇంకో మనిషి వేటకెళ్ళారు. వెళ్ళేటప్పుడు సముద్రం బాగానే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ప్రయోగశాల కిటికీల్లోంచి ఆకాశం నల్లబడటం చూశాను. వాన గోడలా వచ్చింది. ఎదురుగా ఉన్న ఓడలు కూడా కనపడకుండా పోయాయి. నాకు బాబాయి గుర్తొచ్చాడు గానీ, ఈపాటికి వచ్చేసి ఉంటాడనుకున్నాను.

వాన వెలిశాక ఫోన్ మోగింది. పిన్ని.

"పాపా, మీ కంప్యూటర్లో నీళ్ళు ఎటెళ్తన్నాయో అగుపడతాదంట గదా. సూసి సెప్పు."

గొంతు మామూలుగానే ఉంది. అందుకని నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. బోటు బోర్లాపడింది. తమ్ముడు, ఆ రెండో మనిషి బోటుని పట్టుకుని వేలాడుతుంటే, తిరిగొస్తున్న వేరే బోటువాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. బాబాయి మాత్రం అగుపడలేదు.

చూశాను. ఆ కాలంలో మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి పోతుంది, గట్టిగా. పూడిమడక వైపు వెతకమని చెప్పాను. జాలరిపేట బోట్లన్నీ అటే వెళ్ళాయి. మర్నాడు హెలికాప్టర్ కూడా తిరిగింది. నేను పొద్దుటా సాయంత్రమూ కొత్త లెక్కలు వేసి తమ్ముడికి ఫోన్లో చెప్పేదాన్ని. ఇంకొంచెం దక్షిణానికి, ఇంకొంచెం లోపలికి. నేను చెప్పిన చోటికల్లా వెళ్ళి వెతికారు. సముద్రం గురించి నేను నేర్చుకున్న చదువంతా నోట్లోంచి వస్తూనే ఉంది, దానివల్ల ఏమీ కాలేదు. ప్లాస్టిక్ డబ్బా ఒకటి దొరికింది, బాబాయి మంచినీళ్ళు పట్టుకెళ్ళేది. అంతే.

కొన్నాళ్ళకి బోట్లు మళ్ళీ వేటకి వెళ్ళడం మొదలుపెట్టాయి. వెళ్ళక తప్పదు కదా.

ప్రయోగశాలలో, బాబాయితో వెళ్ళి తెచ్చిన ఆఖరి నెల నీళ్ళు ఇంకా పరీక్ష కాకుండా ఉన్నాయి. గాజుసీసాల్లో నీళ్ళు పట్టాక ఒక చుక్క విషం వేసి మూత బిగిస్తాం. అందులో బతికున్నవి ఊపిరి తీస్తూ ఉంటే లెక్క మారిపోతుంది, అందుకని. ఆ చుక్క వేశాక నీళ్ళు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోతాయి. ఆ సీసాలు నా బల్ల కింద పెట్టెలో ఉన్నాయి. వాటిని నింపేటప్పుడు బాబాయే గొట్టం పట్టుకున్నాడు. ఒకటి రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. పిన్నికి ఒక సీసా ఇద్దామా అనిపించింది. విషపు నీళ్ళు ఎలా ఇస్తాను. మా ఆఫీసు పెద్దాయన ఓ సాయంత్రం నా పక్కన నిలబడి, "ఆ నెల ఖాళీగా ఉంచితే ఆయన పడ్డ కష్టం కూడా పోతుందమ్మా," అన్నాడు. ఆ మాట మీద మూతలు తీశాను. ఒక్కొక్కటే పరీక్షించాను. వచ్చిన విలువలు మామూలుగానే ఉన్నాయి. ఆ కాలంలో ఎప్పుడూ ఉండేట్టుగానే. సముద్రం తీసుకుంటోంది. మిగిలిన నీళ్ళు విషపు వ్యర్థాల డబ్బాలో పోసేసి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పేటలో వేరే గొడవ నడుస్తోంది. మనిషి దొరకలేదు. కర్మ చెయ్యాలా వద్దా. పెద్దలు కొన్నాళ్ళు ఆగారు. తర్వాత ఇంక చేసెయ్యాలన్నారు. పిన్ని గాజులు తియ్యనంది. "సూపించండి, తీత్తాను," అంది. ఎవరేం చెప్పినా అదే మాట. మరిది వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే, "నువ్వొచ్చీసినావు గదా. నిన్నడగను," అందట. ఆ మాటకి అతను చాలారోజులు మనుషుల మధ్యకి రాలేదని తర్వాత విన్నాను.

సంక్రాంతి వెళ్ళాక పిన్ని మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. తట్ట లేకుండా ఆవిణ్ణి చూడటం అదే మొదటిసారి.

"ఈ నెల ఎప్పుడెళ్తావు?"

చెప్పాను. బాబాయి బోటునే బాగు చేయించి తమ్ముడు నడుపుతున్నాడు. అందులోనే.

"నానొత్తాను. ఒక్కపాలి సూత్తాను. తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు సేసుకోండని పెద్దలకి సెప్పీసినాను."

తమ్ముడు ససేమిరా అన్నాడు. "వొదినా, నిన్ను ఆ నీళ్ళ మీదికి తీసుకెళ్ళలేను. నావల్ల కాదు," అన్నాడు. అతనికి ఆచారం అడ్డు కాదు, భయం. పిన్ని వాదించలేదు. నేను వెళ్ళే రోజు పొద్దున్నే వచ్చి బోటు పక్కన ఇసకలో నిలబడింది. అతను చాలాసేపు తాడు సర్దుతూ ఉండిపోయాడు. ఆఖరికి తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు.

కెరటాలు దాటేటప్పుడు పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి తర్వాత నీలంగా కమిలిపోయింది. చీరంతా తడిసింది. లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూసింది. కొండ మీదికి పాకిన ఇళ్ళు, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ, దాని వెనక దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ.

"మనూరు ఇంతేనేటి," అంది.

మా చోటికి వచ్చాక తమ్ముడు ఇంజను ఆపాడు. నిశ్శబ్దం. బోటు కింద నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇదేనా?"

"ఇదే పిన్నీ."

చుట్టూ చూసింది. చాలాసేపు చూసింది. "ఏటీ లేదే ఇక్కడ."

"ఏమీ ఉండదు. నీళ్ళే."

"దీనికేనా నెలనెలా వచ్చీవోరు?"

"దీనికే."

ఆవిడ తలాడించింది. "సరే. నీ పని సేసుకో. ఆయనున్నప్పుడు ఎలగ సేసీదానివో అలగే సెయ్యి."

చేశాను. నీళ్ళు పట్టే గొట్టం దించాను, తమ్ముడు తాడు పట్టుకున్నాడు. గాలి కొలిచేటప్పుడు మేం ముగ్గురం ఒక పక్కకి జరిగి కూర్చున్నాం. సీసాలు నిండుతుంటే పిన్ని చూస్తూ ఉంది.

"సముద్రం తీసుకుంటాదనీ ఇత్తాదనీ ఆయన సెప్పీవోడు. నాకర్థమయ్యీది కాదు. నువ్వు సెప్పు."

గాలి సంగతి, నీళ్ళ సంగతి చెప్పాను. బాబాయికి చెప్పినట్టే.

"మరిప్పుడేటి సేత్తంది?"

"ఇప్పుడు తీసుకుంటోంది," అన్నాను.

అన్నాక నాకు వినపడింది నేనన్న మాట. తమ్ముడు నావైపు చూసి మొహం తిప్పేసుకున్నాడు. కానీ అది నిజం.

పిన్ని మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు. "ఎన్నాళ్ళు?" అంది.

"ఎండలు మొదలయ్యేదాకా. తర్వాత ఇస్తుంది."

ఆవిడ వంగి చెయ్యి నీళ్ళలో పెట్టింది. మణికట్టుదాకా ముంచి, అలాగే ఉంచింది. గాజులు నీళ్ళలో తేలినట్టు కదిలాయి. తర్వాత ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది. తిరుగు ప్రయాణంలో కడుపులో తిప్పి వాంతి చేసుకుంది. తమ్ముడు ఇంజను నెమ్మది చేసి, ఆవిడ వీపు మీద చెయ్యేసి, "అయిపోనాది వొదినా, వచ్చీసినాం," అంటూ ఒడ్డుదాకా తీసుకొచ్చాడు.

ఆ వారంలోనే కర్మ చేశారు. గాజులు తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను గానీ అటు చూడలేదు.

మార్చిలో తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ చెయ్యడు.

"మేడం, వొదిన పొద్దున్నే లేసి ఒడ్డుకొచ్చి కూకుంటంది. పొద్దెక్కీదాకా కదల్దు. ఎందుకమ్మా అని ఎవరడిగినా, ఇది ఇచ్చీ నెల అంటంది. ఇదేటో మీకేమైనా తెలుసేటి?"

ఆ రోజంతా నేనేం పని చేశానో నాకు గుర్తులేదు. చదువు లేని మనిషి చెవిలో, అదీ ఆ చోట, ఆ మాట వేశాను. ఆవిడ దాన్ని పట్టుకుని కూర్చుంది. ఎలా విడిపించాలి. ఇచ్చేది గాలేననీ, అది కంటికి కూడా కనపడదనీ ఎలా చెప్పాలి. మాటలు కూర్చుకుంటూ మర్నాడు పొద్దున్నే వెళ్ళాను.

బోట్ల వరస దాటాక తడి ఇసక మొదలయ్యే చోట కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మరిది ఫోన్ సేసినాడా?"

"చేశాడు."

"అనుకున్నాను."

నేను మొదలుపెట్టాను. "పిన్నీ, నేను ఆ రోజు చెప్పింది..."

"గాలి సంగతి," అంది. "నాకు తెలీదేటి? మతి పోనాదనుకున్నావా?"

నేను చెప్పుల్లో ఇసక దులుపుకున్నాను.

"ఆయన రాడు. నాను గాజులు తీసిన రోజే అయిపోనాది. ఇంట్లో ఉండలేకపోతన్నాను పాపా. తెల్లారీసరికి ఆయన లేసి ఎళ్ళిపోయీవోడు గదా. ఆ యేళకి మెలుకువొచ్చీత్తంది. మళ్ళీ నిద్దర రాదు. ఇక్కడికొచ్చి కూకుంటన్నాను. ఊరికే కూకుంటే జనం ఊరుకోరు. ఎందుకు, ఏటి అని ఒకటే అడుగుతారు. ఏదో ఒకటి సెప్పాల గదా. నువ్వన్న మాట బాగుంది. అదే సెప్తన్నాను. ఇంకెవరూ ఏటీ అడగరు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. నా వీపు మీద రాస్తూ, ఎదురుగా నీళ్ళని చూస్తూ అడిగింది.

"ఇంతకీ ఇత్తందా మరి?"

"పోయినవారం కొలిచాను. ఇస్తోంది."

"ఎక్కువేనా?"

"కిందటేడు కన్నా ఎక్కువే."

"ఊఁ," అంది. అదేదో తెలిసినవాళ్ళింటి సంగతైనట్టు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం రోజులు వచ్చి బోట్లన్నీ ఒడ్డెక్కాయి. తమ్ముడు ఆ సెలవుల్లో మనసు మార్చుకున్నాడు. ఈ నీళ్ళ మీద ఇక ఉండలేనని, బోటు అమ్మేసి, వేరే రాష్ట్రం పడవల్లో కూలికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి, రుషికొండ వైపు ఒకతన్ని మాట్లాడి పెట్టాడు. ఇప్పుడు ఆ బోటులోనే వెళ్తున్నాను. అతను మంచివాడే. బోటులో ఎక్కువ మాట్లాడడు. ఫోన్లో మ్యాపు చూసి సరిగ్గా ఆ చోటుకే తీసుకెళ్ళి ఇంజను ఆపుతాడు. ఆ గాలీ ఆ నీళ్ళూ అక్కడే ఉంటాయి. పని జరిగిపోతుంది. కొన్ని నెలలు నేను గొట్టం దించుతూ, ఎవరో కసురుతారేమోనని చూసేదాన్ని.

పిన్ని ఇప్పుడు ఒడ్డుకి రావడం మానేసింది. వీధులు తిరిగే ఓపిక పోయిందని ఎండు చేపల పనిలో పడింది. మొన్న ఆదివారం వెళ్ళాను. ఎండలో పరిచిన వల మీద నెత్తళ్ళు తిరగేస్తోంది, కాకులు రాకుండా ఒక పొడుగాటి కర్ర పక్కన పెట్టుకుని. నన్ను చూసి లోపలికి రమ్మంది. అన్నం వండలేదంది, తనకోసం పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదంది. నేనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆవిడ గడప మీద కూర్చుంది. బాబాయి కూర్చునే వైపు కాకుండా రెండో వైపు. ఇద్దరం తిన్నాం. మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. తగ్గలేదని చెప్పాను. ఏదో ఆకు చెప్పింది, నూరి కట్టమంది.

వచ్చేటప్పుడు కాగితంలో కొన్ని నెత్తళ్ళు పొట్లం కట్టి సంచిలో పెట్టింది. బస్సులో అందరికీ వాసనొస్తుందేమో అన్నాను.

"రానీ," అంది, మళ్ళీ వల దగ్గరికి వెళ్ళి కూర్చుంటూ.